నుదుటి విభూది తుడిచేసుకున్నాను: అడిగినవారికి విశ్వాసం గురించి ఎలా చెప్పాలి?

ఆవగింజ

ఈ వేదికను చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. ఒక సంగతి ముల్లులా గుచ్చుకుంటోంది. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప తీరేలా లేదు.

మా కతోలికులకు ఈస్టరు ముందటి తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం ఉదయం చర్చిలో పూజకు వెళ్లి, అటునుంచి అటే ఆఫీసుకు వెళ్లాను. లిఫ్టులో నాతో పనిచేసే ఆమె నా ముఖం చూసి, "నుదుటి మీద ఏదో మసి అంటుకుందండీ" అంటూ సంచిలోంచి కాగితపు రుమాలు తీసి ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. నేను "అయ్యో, చూసుకోలేదు" అని తుడిచేసుకున్నాను. మట్టిలోంచి వచ్చావు, మట్టిలోనే కలుస్తావు అని గుర్తుచేస్తూ గంట కిందట చర్చి గురువుగారు (ఫాదర్) పెట్టిన గుర్తు అది. కాగితం మీద నల్లటి మరకను చూస్తూ ఐదో అంతస్తు దాకా నిలబడ్డాను. చెత్తబుట్టలో వేయడానికి చేయి రాలేదు. అది ఇప్పటికీ నా సంచి అరలోనే ఉంది.

రెండు వారాల తర్వాత ఇద్దరమే ఉన్నప్పుడు ఆమె ఉన్నట్టుండి అడిగింది: "మీ నాన్నగారు పోయినప్పుడు మీరు ఎలా తట్టుకున్నారు?"

నాన్న పోయిన ఏడాది నన్ను నిలబెట్టింది జపమాల. నిద్ర పట్టేది కాదు, ప్రార్థించడానికి మాటలూ వచ్చేవి కావు. పూసలు పట్టుకుని ఊరికే కూర్చునేదాన్ని. నాన్న లేకుండా పోలేదు, దేవుని చేతుల్లో ఉన్నారన్న ఒక్క నమ్మకంతో తెల్లవారేది. అడిగిన మనిషికి అది చెప్పాలి కదా. "కాలమే మాన్పుతుందండీ" అన్నాను. ఆమె తలూపి లేచి వెళ్లిపోయింది.

మా ఆఫీసులో మతాన్ని ద్వేషించేవారెవరూ లేరు. ద్వేషిస్తే ఎదురు నిలిచి మాట్లాడేదాన్నేమో. ఇక్కడ దేవుడి మాట ఎత్తడమంటే పరాయివాళ్ల ఉత్తరం విప్పి చదివినట్టు, అది మర్యాద కాదు, అంతే. యేసును ఎరుగనన్న పేతురును చలిమంట దగ్గర కనీసం నిలదీశారు. నన్ను ఎవరూ నిలదీయలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, దాచుకోకుండా ఈ విశ్వాసాన్ని ఎలా పంచుకోవాలి? చేసి చూసినవారు చెప్పండి.

పాత ఉపదేశి

అమ్మా, ఆ కాగితాన్ని పారేయలేకపోయానన్నావే, అక్కడే నీ విశ్వాసం ఉంది. ముందు ఆ మాట మనసులో పెట్టుకో.

ముప్పై ఏళ్లకు పైగా జ్ఞానోపదేశం చెప్పాను. ఈ సంగతిలో పేతురు మొదటి లేఖ మూడో అధ్యాయం, పదిహేనో వచనాన్ని మించింది నాకు కనపడలేదు. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగినవారికి జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండండి, అయితే సాత్వికంతో, గౌరవంతో చెప్పండి అంటాడు. ఆ మాటలు రాసింది చలిమంట దగ్గర ఎరుగనన్నవాడే. "అడిగినవారికి" అన్న పదం చూడు. మనం చాలాసార్లు అడగనివారికి చెబుతాం, అడిగినవారి దగ్గర మౌనంగా ఉంటాం. నిన్ను ఆమె అడిగింది. ఆ తలుపు ఇంకా మూసుకుపోలేదు.

ఎడిత్ స్టైన్ సంగతి గుర్తొస్తోంది. యూదు కుటుంబంలో పుట్టి, దేవుణ్ణి వదిలేసిన తత్త్వశాస్త్ర విద్యార్థిని. 1917లో ఆమె అధ్యాపకుల్లో ఒకరైన అడాల్ఫ్ రైనాఖ్ యుద్ధంలో మరణించారు. ఆయన కాగితాలు సర్దిపెట్టడానికి ఆ ఇంటికి వెళ్లింది. కుప్పకూలిన మనిషిని ఎలా ఓదార్చాలా అని బెరుకుగా వెళ్లినదానికి, సిలువను పట్టుకుని నిలబడిన వితంతువు కనిపించింది. తన అవిశ్వాసం ఆ రోజే బద్దలైందని తర్వాత చెప్పుకుంది. 1922 జనవరి 1న కతోలిక శ్రీసభలో, అంటే కతోలిక చర్చిలో, జ్ఞానస్నానం పొందింది, తర్వాత కార్మెల్ మఠంలో చేరింది, చివరికి నాజీల ఆష్విట్జ్ మరణశిబిరంలో చంపబడింది. నేడు ఆమె పునీతురాలు (సెయింట్).

ఆ వితంతువు వాదించలేదు. తన దుఃఖాన్ని, ఆ దుఃఖంలో తనను నిలబెట్టినదాన్ని దాచుకోలేదు. నిన్ను మీ స్నేహితురాలు అడిగిందీ దాని గురించే.

లెక్కల మాస్టారు

ఉపదేశి గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. మనవాళ్లు "సాక్ష్యం చాలు, వాదన వద్దు" అనడం నాకు మింగుడు పడదు. నేను పాఠం చెప్పే పిల్లలు విశ్వాసాన్ని వదిలేసేది ఎవరో చెడ్డగా ప్రవర్తించారని కాదు. విజ్ఞానశాస్త్రం, విశ్వాసం ఒకచోట ఇమడవని పదిహేనేళ్ల వయసులో ఎవరో చెబుతారు, కాదని చెప్పేవారు వారికి ఎదురుపడరు. విస్తరిస్తున్న విశ్వం గురించి 1927లోనే సిద్ధాంతపత్రం ప్రచురించిన జార్జ్ లెమేత్ర్ కతోలిక గురువని వారికి తెలియదు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన గ్రెగర్ మెండెల్ అగుస్తీను సభ సన్యాసి అని తెలియదు. ఈ కాలంలో చెప్పకపోవడాన్ని నేను వినయం అనను, బద్ధకం అంటాను.

కాలం మారిందన్నది కూడా గుర్తించాలి. కెనడా తత్త్వవేత్త చార్లెస్ టేలర్ స్వయంగా కతోలికుడు. ఆయన 2007లో అడిగిన ప్రశ్న ఇది: 1500 ప్రాంతంలో పాశ్చాత్య సమాజంలో దేవుణ్ణి నమ్మకపోవడం దాదాపు అసాధ్యంగా ఉండేది, ఇప్పుడు నమ్మకపోవడమే సులువుగా ఎందుకుంది? నేటి మనిషికి విశ్వాసం అనేక దారుల్లో ఒకటి. ఆ దారే ఎందుకో చెప్పగలగాలి. అందుకు చదవాలి, ఆలోచించాలి.

రాత్రిపూట నర్సు

మాస్టారూ, మీ మాట తీసేయను. కానీ నా అనుభవం వేరు. నేను చివరి రోజుల్లో ఉన్నవారి వార్డులో పనిచేస్తాను. తెల్లవారుజామున మూడింటికి విశ్వం ఎప్పుడు పుట్టిందని ఎవరూ అడగరు. "నేను చేసినవాటికి క్షమాపణ ఉంటుందా?" అని అడుగుతారు. మతం లేదని జీవితమంతా చెప్పుకున్న ఒక పెద్దాయన ఆ మాటే అడిగాడు. "ఉంటుందని నమ్ముతాను. నాకు దొరికింది" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. ఆయన నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆయన ఏమి నమ్మారో, ఏమి నమ్మలేదో నాకు తెలియదు. అది నా లెక్కలో లేదు.

వెలుపలి మనిషి

నేను మీ విశ్వాసంలో లేను. ఒకప్పుడు ఉన్నాను, చిన్నప్పుడు పీఠం దగ్గర గంట వాయించేవాణ్ణి. ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. అవతలివైపు ఎలా ఉంటుందో మీకు తెలియాలని రాస్తున్నాను.

ఇల్లు వదిలి వచ్చాక నాతో ఎంతో స్నేహంగా ఉన్న ఒకాయన నెలల తరబడి నా మంచిచెడ్డలు అడిగేవాడు. చివరికి ఒక ప్రార్థన కూటానికి పిలిచాడు. రానన్నాను. ఆ తర్వాత ఫోను రాలేదు. ఆ రోజు నాకు అర్థమైంది, నేను ఆయనకు స్నేహితుణ్ణి కాదు, జాబితాలో ఒక పేరును. ఆ అవమానం ఇంకా పోలేదు.

ఇంకొకటి. మా చిన్నప్పటి విచారణలో (ప్యారిష్‌లో) పిల్లల పట్ల నీచంగా ప్రవర్తించిన ఒక గురువును నిశ్శబ్దంగా వేరే చోటికి పంపేశారు. పెద్దలందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. ప్రేమ గురించి నాకు పాఠం చెప్పినవారే నోరు మూసుకున్నారు. మీరు సువార్త చెప్పాలనుకునే ప్రతి పదిమందిలో నాలాంటివాడు ఒకడు ఉంటాడు. లెమేత్ర్ గురించి చెబితే అతడికి సరిపోదు.

పాత ఉపదేశి

నాయనా, ఇక్కడ రాయవచ్చు. రాసినందుకు కృతజ్ఞుణ్ణి.

రెండో సంగతి ముందు. దానికి నా దగ్గర సమర్థన లేదు, ఉండకూడదు. అది పాపం, నేరం, కప్పిపుచ్చడం మరో పాపం. 2019లో పోపు ఫ్రాన్సిస్ తెచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి తెలిసిన ప్రతి గురువు, ప్రతి మఠవాసి పైవారికి తెలియజేసి తీరాలి. ఇంత ఆలస్యంగా వచ్చిందేమని నువ్వు అడిగితే తల దించుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు. తోటి విశ్వాసులకు ఒకటే మనవి: ఈ మాట ఎవరైనా ఎత్తినప్పుడు "అన్నిచోట్లా ఉన్నదే" అనకండి. ఆ ఒక్క వాక్యంతో మనిషి రెండోసారి గాయపడతాడు. ముందు వినండి.

మొదటి సంగతి. నిన్ను జాబితాలో పేరుగా చూసిన ఆ మనిషి శ్రీసభ చెప్పినదానికి విరుద్ధంగా నడిచాడు. ప్రపంచ బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న మతస్వేచ్ఛ గురించి ఒక ప్రకటన చేసింది. విశ్వాసాన్ని వ్యాప్తి చేయడంలో బలవంతం గానీ, నిజాయతీ లేని ఒప్పింపు గానీ ఉన్నట్టు తోచే ఏ పనీ చేయకూడదని, ముఖ్యంగా పేదల విషయంలో, చదువులేనివారి విషయంలో మరింత జాగ్రత్త అవసరమని అందులో ఉంది. 2007 మే నెలలో బ్రెజిల్‌లోని అపరేసిదాలో పదహారవ బెనెడిక్ట్ పోపు, శ్రీసభ మనుషులను లాక్కోవడం ద్వారా కాదు, ఆకర్షణ ద్వారా పెరుగుతుందన్నారు. ఆకర్షణ అంటే క్రీస్తు సిలువ మీదినుంచి అందరినీ తన వైపు తిప్పుకున్న తీరు.

ప్రేమించిన తర్వాత ఫలితం కోసం గడియారం చూసుకునేవాడు ప్రేమించలేదు.

లెక్కల మాస్టారు

వెలుపలి మనిషి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. క్షమించండి. నేను వాదనల గురించి మాట్లాడినప్పుడు నా కళ్ల ముందు పుస్తకాలున్నాయి, మీరు లేరు.

నిజానికి లెమేత్ర్ విషయంలోనే నేను సగం చెప్పి వదిలేశాను. తన సిద్ధాంతాన్ని దేవుని సృష్టికి రుజువుగా వాడుకోవడం ఆయనకు ఇష్టం లేదు. 1951లో పన్నెండవ పియుస్ పోపు ఆ ధోరణిలో ప్రసంగిస్తే లెమేత్ర్ ఇబ్బందిపడ్డారు. ఆయనకు విజ్ఞానం, విశ్వాసం రెండు దారులు, దేన్నీ దేనికీ ఊతకర్రగా వాడలేదు. నేను ఆయన పేరును ఊతకర్రలాగే వాడాను.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మాట అసలు వద్దా? ఆరవ పౌలు పోపు 1975 డిసెంబరు 8న ఇచ్చిన ప్రబోధంలో, నేటి మనిషి బోధకుల కంటే సాక్షుల మాటే ఎక్కువగా వింటాడనీ, బోధకుల మాట విన్నా వారు సాక్షులు కాబట్టే వింటాడనీ ఉంది. దీన్ని అందరూ చెబుతారు. అదే ప్రబోధంలో మరో మాట కూడా ఉంది: ఎంత గొప్ప సాక్ష్యమైనా, అది ఎందుకో విడమరచి చెప్పకపోతే, యేసు పేరు పలకకపోతే, కాలక్రమంలో నిష్ఫలమవుతుంది. దీన్ని ఎవరూ చెప్పరు. ఆవగింజ గారి దగ్గర సాక్ష్యం ఉంది, మంచితనం ఉంది. లేనిది ఒక్క వాక్యమే.

ఇద్దరు పిల్లల తల్లి

దారి మళ్లిస్తున్నానేమో, మన్నించండి. నా బాధ ఆఫీసులో కాదు, ఇంట్లోనే. పెద్దవాడికి పదహారేళ్లు. ఆదివారం పూజకు రానంటున్నాడు. "నాకు ఏమీ అనిపించడం లేదమ్మా, నటించమంటావా?" అని అడిగాడు. మొదట కోప్పడ్డాను, తర్వాత ఏడ్చాను, ఇప్పుడు ప్రతి ఆదివారం ఇంట్లో యుద్ధమే. స్వంత కొడుక్కే పంచలేని విశ్వాసాన్ని లోకానికి ఏమి పంచుతాను?

పాత ఉపదేశి

అమ్మా, నటించమంటావా అని అడిగే కొడుకు నీతో నిజం చెబుతున్నాడు. ఆ నిజాయతీని నువ్వే నేర్పి ఉంటావు.

యౌవనంలో విశ్వాసానికి దూరంగా తిరిగి తర్వాత పునీతుడైన అగుస్తీను, ఆయన తల్లి మోనిక కన్నీళ్ల గురించి మనందరికీ తెలుసు. ఇంతటి కన్నీటి బిడ్డ నశించడం జరగదని ఒక పీఠాధిపతి, అంటే బిషప్పు, ఆమెతో అన్న మాట ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆ మాటకు ముందు జరిగింది ఎక్కువమందికి గుర్తుండదు. తన కొడుకుతో మాట్లాడి, వాదించి దారికి తెమ్మని ఆమె ఆ పీఠాధిపతిని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. అతడిప్పుడు వినే స్థితిలో లేడు, వదిలేయండి, అతడి కోసం ప్రార్థన మాత్రం చేయండి, చదువుకుంటూ తానే తెలుసుకుంటాడు అన్నాడు. అగుస్తీనే తర్వాత దీన్ని రాసుకున్నాడు. 387లో పాస్కా (ఈస్టరు) రాత్రి మిలాను నగరంలో అక్కడి పీఠాధిపతి అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. ఆ ఏడాదే మోనిక కన్నుమూసింది.

రమ్మని పిలవడం మానకు, లాక్కెళ్లకు. నువ్వు పూజకు వెళ్లి, వెళ్లినప్పటికంటే తేలికైన ముఖంతో తిరిగి రా. వాడు చూస్తూనే ఉంటాడు. పోట్లాడి వెళ్లి, పోట్లాటతోనే తిరిగి వస్తే దాన్నీ చూస్తాడు.

రాత్రిపూట నర్సు

ఒక్కోసారి నీరు పైకి కూడా పారుతుందండీ. 2006లో పదిహేనేళ్లకు లుకేమియాతో పోయిన కార్లో అకూతిస్, ఇప్పుడు పునీతుడు, చిన్నతనంలో అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేకే వాళ్లమ్మ మళ్లీ విశ్వాసం గురించి చదవడం మొదలుపెట్టారు. మీ అబ్బాయి ప్రశ్నలను కూడా రాసిపెట్టుకోండి. ఒకటో రెండో మీకూ పనికొస్తాయి.

పాస్కా రాత్రి

నేను పెద్దయ్యాక వచ్చినవాణ్ణి. మా ఇంట్లో ఏ దేవుడూ లేడు, ఏ దేవుడి మీదా కోపమూ లేదు. ఆవగింజ గారు చెప్పిన ఆఫీసులాంటి ఇల్లు. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

చదువుకునే రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న కుర్రాడు రోజూ రాత్రి దీపం ఆర్పే ముందు మంచం అంచున కూర్చుని మూడు నాలుగు నిమిషాలు కళ్లు మూసుకునేవాడు. పెదవులు మెల్లగా కదిలేవి. నేను గదిలోకి వస్తే ఆపేవాడు కాదు, నేను చూడాలని మొదలుపెట్టేవాడూ కాదు. ఒకసారి మా ఇద్దరికీ పెద్ద గొడవ జరిగింది, తప్పు నాదే. ఆ రాత్రి కూడా కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చి, "నేను గట్టిగా మాట్లాడాను, క్షమించు" అన్నాడు. ఎనిమిది నెలలకు నేనే అడిగాను, అక్కడ కూర్చుని ఏమి చేస్తావని. "ఈ రోజంతా దేవుడి ముందు పెట్టి చూసుకుంటాను. మంచికి కృతజ్ఞత చెబుతాను, చెడుకు క్షమాపణ అడుగుతాను. ఇవాళ నీ పరీక్ష గురించి కూడా చెప్పాను" అన్నాడు. నా గురించి నాకు తెలియకుండా ఎవరో దేవుడితో మాట్లాడుతున్నారన్న సంగతి నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

అంతకుముందు ఎనిమిది నెలల్లో వాడు నన్ను ఒక్కసారి కూడా గుడికి పిలవలేదు. పిలిచి ఉంటే వెళ్లేవాణ్ణి కాదు. అడిగాక మాత్రం దాటవేయలేదు. మాస్టారు గారు అన్న ఆ ఒక్క వాక్యం వాడి దగ్గర సిద్ధంగా ఉంది.

ఆ తర్వాతి సంగతి కూడా రాయాలి. మొదటిసారి పూజకు వెళ్లినప్పుడు నేను పడిన అవస్థ ఎవరికీ పట్టలేదు. అందరూ లేస్తే లేచాను, మోకరిస్తే మోకరించాను. క్రీస్తు శరీరంగా పంచే అప్పం, సత్ప్రసాదం, దగ్గరికి వరుస కదిలినప్పుడు వెళ్లాలా, ఆగాలా? మిత్రుడు చెవిలో, "ఇది జ్ఞానస్నానం పొంది, సిద్ధపడినవారికి. నువ్వు ఇక్కడే కూర్చో, నేను వెళ్లి వస్తాను" అన్నాడు. ఆ మాట చెప్పకపోయి ఉంటే నేను వరుసలోకి వెళ్లి, ఎవరో ఆపగా సిగ్గుపడి, మళ్లీ వచ్చేవాణ్ణి కాదేమో.

భాష మరో అడ్డుగోడ. కృప, రక్షణ, విమోచన, పాపసంకీర్తనం... మీకు ఇవి అన్నం నీళ్లంత మామూలు మాటలు. నాకు చట్టపుస్తకంలోని పదాల్లా వినిపించాయి. "కృప అంటే మనం సంపాదించుకోకుండానే దేవుడు ఇచ్చే ప్రేమ, మనల్ని లోపలినుంచి మార్చే ప్రేమ" అని ఒక మఠకన్య చెప్పినప్పుడు మొదటిసారి ఆ మాటకు ప్రాణం వచ్చింది. మీ విశ్వాసాన్ని పంచాలనుకునేవారు మీ మాటలను ఒక్కొక్కటే తీసుకుని, తెలియనివాడికి ఎలా చెబుతారో ఇంట్లో ఒకసారి పైకి అని చూడండి. చెప్పలేకపోతే మీకూ సరిగా తెలియదని అర్థం. నాకు అలాగే తేలింది.

పెద్దవారు విశ్వాసంలోకి వచ్చే క్రమాన్ని తొలి శతాబ్దాల పద్ధతిలో మళ్లీ నెలకొల్పమని వాటికన్ మహాసభ కోరగా, 1972లో ఆ క్రమం వెలువడింది. మొదట ప్రశ్నలడిగే కాలం, దానికి ఇన్ని రోజులన్న గడువు లేదు. తర్వాత ఉపదేశం, తపస్సుకాలంలో జ్ఞానస్నానానికి ఎన్నిక, పాస్కా జాగరణ రాత్రి జ్ఞానస్నానం, ఆ తర్వాత కూడా వదిలేయకుండా కొన్ని వారాల బోధ. నాకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో రెండుసార్లు మానేశాను. మా ఉపదేశి ఫోను చేసి "ఎలా ఉన్నావు?" అని మాత్రమే అడిగారు, "ఎందుకు రావడం లేదు?" అనలేదు. ఆ తేడా వల్లే తిరిగి వెళ్లాను.

వెలుపలి మనిషి

పాస్కా రాత్రి గారు రాసింది చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఆ కుర్రాడిలాంటివాడు నా గదిలో ఉండి ఉంటే నా కథ వేరేగా ఉండేదేమో. ఉండేదని చెప్పలేను.

ఉపదేశి గారిని ఒక మాట అడగాలి. తప్పించుకోకుండా చెప్పండి. నేను ఇలాగే వెలుపలే ఉండిపోతే, మీ నమ్మకం ప్రకారం నా గతి ఏమిటి?

పాత ఉపదేశి

తప్పించుకోను. యేసుక్రీస్తు తప్ప మరో రక్షకుడు లేడని నమ్ముతాను. నీ దగ్గర ఆ మాట దాచను. ఆ రక్షకుడి దయ ఎంత దూరం చేరుతుందో గీత గీసే హక్కు నాకు లేదని కూడా నమ్ముతాను. తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగనివారు, నిజాయతీగల హృదయంతో దేవుణ్ణి వెదకుతూ మనస్సాక్షి చూపిన దారిలో నడిస్తే రక్షణ పొందగలరని 1964లో అదే మహాసభ బోధించింది. నీకు సువార్త వినిపించింది, నిజమే. దాన్ని వినిపించినవారే నీకు, దానికి మధ్య రాయిలా అడ్డం పడ్డారు. ఆ రాయి బరువు నీ లెక్కలో ఎంత, మా లెక్కలో ఎంత అన్నది దేవుడికే తెలుసు. మా వైపు లెక్క గురించే నాకు ఎక్కువ భయం.

నువ్వు తిరిగి రావాలని కోరుకుంటాను, అబద్ధం చెప్పను. రాకపోయినా ఇక్కడ నీ కబురు అడుగుతూనే ఉంటాను. రోజూ నా జపమాలలో ఒక పూస నీకోసం తిప్పుతాను. నీకు అభ్యంతరమైతే చెప్పు.

వెలుపలి మనిషి

అభ్యంతరం లేదు.

లెక్కల మాస్టారు

పై రెండు ఉత్తరాల తర్వాత రాయడానికి మొహమాటంగా ఉంది కానీ, ఫలితం కనపడక నిరాశపడేవారి కోసం ఇద్దరి గురించి చెప్పాలనిపించింది.

ఫ్రెంచి గురువు షార్ల్ ద ఫూకో సహారా ఎడారిలో తువారెగ్ ప్రజల మధ్య ఏళ్ల తరబడి బతికారు. వారి భాష నేర్చుకుని పెద్ద నిఘంటువు తయారుచేశారు, వారి కవితలు సేకరించారు. తాను కోరుకున్న సహోదర సమాజంలో ఒక్కరు కూడా ఆయన దగ్గర నిలవలేదు, ఆయన మాట విని క్రైస్తవులైనవారు దాదాపు లేరు. 1916 డిసెంబరు 1న తామన్రసెట్‌లో తుపాకీ గుండుకు బలయ్యారు. 2022 మే 15న శ్రీసభ ఆయనను పునీతుడిగా ప్రకటించింది. నా లెక్క ప్రకారం ఆయన జీవితానికి సున్నా మార్కులు రావాలి. నా లెక్క తప్పు.

రెండో ఆమె మాదలేన్ దెల్‌బ్రెల్. పదిహేడేళ్లకు తానే నాస్తికురాలు, ఇరవై నిండే ముందు దేవుణ్ణి కనుగొంది. 1933లో పారిస్ పక్కనే కమ్యూనిస్టుల పాలనలో ఉన్న ఇవ్రీ పట్టణానికి వెళ్లి, 1964లో మరణించేదాకా అక్కడే ఉంది. సంఘసేవకురాలిగా కమ్యూనిస్టులతో కలిసి పనిచేసింది, వారిని ప్రేమించింది, దేవుడు లేడన్న వారి మాటను మాత్రం ఒక్కనాడూ ఒప్పుకోలేదు. స్నేహం కోసం విశ్వాసాన్ని, విశ్వాసం కోసం స్నేహాన్ని వదులుకోలేదు. ఆవగింజ గారి ఆఫీసుకు ఈమె సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది.

ఆవగింజ

వారం రోజులుగా మీరు రాసినవన్నీ చదువుతూనే ఉన్నాను. నిన్న సాయంత్రం మాట్లాడాను.

పని ముగించుకుని ఇద్దరం మెట్లు దిగుతున్నాం. ఎలా మొదలుపెట్టాలో ఎన్నో విధాలుగా అనుకున్నాను, ఒక్కటీ గుర్తురాలేదు. "మీరు ఆ రోజు మా నాన్న గురించి అడిగారు. నేను చెప్పింది నిజం కాదండీ" అన్నాను. ఆమె ఆగిపోయింది. అప్పుడు జపమాల గురించి, నిద్రలేని రాత్రుల గురించి చెప్పాను. నా విభూది సంగతి కూడా చెప్పి, సంచిలోంచి ఆ కాగితం తీసి చూపించాను. "అది మసి కాదు. సిగ్గుపడి తుడిచేసుకున్నాను" అన్నాను. గొంతు వణికింది.

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. వాళ్లమ్మ చనిపోయి అప్పటికి నాలుగు వారాలేనట. సెలవు పెట్టినప్పుడు కుటుంబ కారణాలని మాత్రమే రాసింది, మాకెవరికీ తెలియదు. అంత్యక్రియల్లో ఎవరూ ఏ ప్రార్థనా చేయలేదట, ఏమి చేయాలో ఎవరికీ తెలియలేదట. ఒక పాట పెట్టి ఆపేశారట. "ఏదో అనాల్సి ఉండింది, ఎవరూ అనలేదు. ఇంటికి వెళ్లినప్పటినుంచి అదే" అంది.

చనిపోయినవారికోసం మీరు ఏమంటారని అడిగింది. ప్రభువా, వారికి నిత్య విశ్రాంతిని దయచేయుము, నిత్య వెలుగు వారిపై ప్రకాశించుగాక అని చెప్పాను. మళ్లీ చెప్పమంది. మూడోసారి, "అందులో మా అమ్మ పేరు పెట్టవచ్చా?" అని అడిగింది. పెట్టి చెప్పాను. మెట్ల మీద ఇద్దరం ఏడ్చాం.

ఉపదేశి గారూ, ఒక సందేహం. వాళ్లమ్మ క్రైస్తవురాలు కాదు. ఆమె ఆత్మశాంతి కోసం పూజ చేయించవచ్చా? తెలియకుండా మాట ఇవ్వకూడదని ఆగాను.

పాత ఉపదేశి

చేయించవచ్చమ్మా. 1983 నాటి శ్రీసభ చట్టంలో 901వ నియమం చెప్పేదదే: బతికి ఉన్నవారైనా, మరణించినవారైనా, ఎవరికోసమైనా పూజ సమర్పించే స్వేచ్ఛ గురువుకు ఉంది. ముందు ఆమెను అడుగు, ఆమె కోరితేనే. మీ విచారణ గురువుతో ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్లమ్మ పేరు సరిగా ఎలా పలకాలో కాగితం మీద రాసి ఇవ్వు.

ఆవగింజ

అడిగాను. కావాలంది. గురువారం ఉదయం ఆరున్నరకు. గురువుగారు పేరును రెండుసార్లు పైకి చదివి సరిచూసుకున్నారు. ఆమె కూడా వస్తానంటోంది, వెనక వరుసలో కూర్చుంటాం.

పాస్కా రాత్రి

వెనక వరుసే మంచిది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో దారిలోనే చెప్పండి. వరుస కదిలినప్పుడు ఆమెను ఒంటరిగా వదలకండి, మీరు సత్ప్రసాదం తీసుకుని నేరుగా ఆమె పక్కకే వచ్చేయండి.

వెలుపలి మనిషి

గురువారం ఎలా జరిగిందో రాయండి.